నీనా పావ్లోవ్నాతో చిత్తూరు దాకా

విశాఖపట్నం నుంచి తిరుపతి వెళ్ళిన మనిషి గుండుతోనో లడ్డూతోనో ఇంటికి రావాలి. నేను రెండూ లేకుండా రిక్షా దిగేసరికి మా వీధి ఆడవాళ్ళు అనుమానంగా చూశారు. ఆరు రోజులు ఆ వైపు తిరిగి కొండ ఎక్కకుండా వచ్చానంటే ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాయడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, ఇప్పటికి ముగించాను.

నేను రష్యన్ చదువుకున్నది హైదరాబాదులో. విశాఖలో ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో రష్యన్ ఇంజనీర్లకు పదేళ్ళు దుబాసీగా పనిచేశాను. తొంభైల్లో వాళ్ళ దేశం విడిపోయాక ఇంజనీర్లు ఒక్కొక్కరే పెట్టెలు సర్దుకున్నారు. మిగిలిన నాలుగైదు కుటుంబాల కోసం ఒక ఫిబ్రవరిలో వాళ్ళ క్లబ్బులో పియానో కచేరీ జరిగింది. వాయించినావిడ నీనా పావ్లోవ్నా. అరవై ఒక్క ఏళ్ళు. పొట్టి మనిషి, మగవాళ్ళలా కత్తిరించుకున్న తెల్లజుట్టు. ఆమెను మన దేశమంతా తిప్పి కచేరీలు చేయిస్తానని తీసుకొచ్చిన ఏజెంటు మద్రాసులో మూడో కచేరీ తర్వాత కనిపించకుండా పోయాడట. తనను ఎరిగినవాళ్ళెవరో విశాఖలో ఉన్నారని తెలిసి ఒంటరిగా రైలెక్కి వచ్చింది.

ఇంజనీర్ల భార్యలు ఆమె కోసం నాలుగు చోట్లకు ఉత్తరాలు రాశారు. చిత్తూరు నుంచి ఒక్క జవాబు వచ్చింది. ఒకప్పుడు దొరసానులు నడిపిన బడి, ఇప్పుడు ఊరి పెద్దల కమిటీ చేతిలో ఉంది. పియానో నేర్పే దొరసాని పోయాక పదేళ్ళుగా ఆ పాఠం ఆగిపోయింది. మార్చిలో ఒక శుక్రవారం ఉదయం పదింటికి వచ్చి కమిటీ ముందు వాయిస్తే, నచ్చితే మూడేళ్ళకు తీసుకుంటామని ఆ ఉత్తరం. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు అసలే రాదు. కాబట్టి తోడుగా నన్ను పంపారు. ముందే వెళ్ళి తిరుపతిలో మూడు రోజులు ఊపిరి తీసుకుందామని ఆమే అంది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

తిరుపతి: కాఫీ

సోమవారం పొద్దున్నే రైలు దిగాం. లాడ్జి గుమాస్తా ఆమె పాస్‌పోర్టు చూసి, పోలీసు స్టేషన్లో ఇవ్వడానికి మూడు నకళ్ళు కావాలన్నాడు. జిరాక్సు అంగడికి వెళితే కరెంటు లేదు. అక్కడ కొట్టు అనరు, అంగడి అంటారు. కొబ్బరికాయ అనరు, టెంకాయ అంటారు. అమ్మా అనరు, మా అంటారు. నేను మాట్లాడితే ఆ అంగడాయన నవ్వి, "మీది యా పక్క మా? సినిమాలో మాట్లాడినట్లు మాట్లాడతా ఉండారు" అన్నాడు. పదేళ్ళుగా మాటలు మార్చే పనిలో ఉన్న దాన్ని, నా తెలుగే పరాయిదని మొదటిసారి అనిపించుకున్నాను.

కరెంటు వచ్చేలోపు పక్కనే హోటల్లో కూర్చున్నాం. పొంగలి, వడ తిన్నాం. మా వైపు పొంగలిలో ఇన్ని మిరియాలు పడవు. తర్వాత స్టీలు గ్లాసుల్లో కాఫీ వచ్చింది, పొగలు కక్కుతూ. నేను అంచు పట్టుకుని కూడా పట్టలేక కింద పెట్టేశాను. నీనా పావ్లోవ్నా కుడిచేత్తో గ్లాసు ఎత్తింది. బొటనవేలు, చూపుడు వేలు అంచు మీద ఉన్నాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు మాత్రం గ్లాసు ఒంటికి అతుక్కుని ఉన్నాయి. ఆమె రోడ్డు మీద ఆటోలను చూస్తూ తీరిగ్గా తాగుతోంది.

"చెయ్యి కాలుతోంది" అని నేను గ్లాసు లాక్కున్నాను. కాఫీ ఆమె గౌను మీద ఒలికింది. రెండు వేళ్ళ లోపలి పక్క ఎర్రగా కమిలిపోయింది. కాసేపట్లోనే చిటికెన వేలు మీద బొబ్బ లేచింది.

ఆమె ఆ బొబ్బ వంక పరాయివాళ్ళది చూసినట్టు చూసింది. "ఏడాదిన్నరైంది రమా" అంది. "ఆ రెండింటికీ ఏమీ తెలియదు. తిరుపతిలో నరాల డాక్టర్లు ఉన్నారని విశాఖలో ఒక ఇంజనీరు భార్య చెప్పింది. అందుకే ముందు వద్దామన్నాను."

శుక్రవారానికి ఇంక నాలుగు రోజులు.

ఆసుపత్రి బెంచీ

మర్నాడు ఆసుపత్రిలో మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. మా పక్కన పీలేరు నుంచి వచ్చిన ముసలాయన, చెయ్యి వణికే జబ్బు. ఆయన నీనాను పైకీ కిందికీ చూసి, "ఈయమ్మది యా దేశం మా?" అని అడిగాడు.

"రష్యా అండీ."

"ఆడ డాక్టర్లు లేరా?"

"ఉన్నారండీ. జీతాలే లేవు."

"అట్లనా. మా ఊర్లో డాక్టరుకి జీతం ఉండాది, డాక్టరే లేడు" అన్నాడు ముసలాయన, నవ్వకుండా. నేను అది రష్యన్‌లో చెబితే నీనా ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఆ బెంచీ మీదే ఆమె తన సంగతి చెప్పింది. వోల్గా ఒడ్డున చిన్న ఊరు. యుద్ధంలో తండ్రి పోయాడు. తల్లి సైనికుల కోటులు కుట్టేది. పియానో లేక, బల్లచెక్క మీద సుద్దతో మెట్లు గీసుకుని వాయించేదట, శబ్దం మనసులోనే. పన్నెండో ఏట ఒక పంతులమ్మ ఆ బల్ల ముందు కూర్చోబెట్టి వాయించమని, ఏ మెట్టు తప్పు నొక్కిందో చెప్పి, మాస్కోకు పంపింది. ఇరవై నాలుగేళ్ళకు పెద్ద పోటీలో రెండో బహుమతి. అప్పటి నుంచి రైళ్ళలో, ఓడల్లో, మంచు కమ్మిన గనుల ఊళ్ళలో ఎక్కడ హాలుంటే అక్కడ వాయించింది. ఏడాదికి డెబ్బై కచేరీలు. ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పింది. ఆ తర్వాత దేశం మారింది. ఆమె వాయించే హాలును సోఫాలు అమ్మేవాళ్ళు అద్దెకు తీసుకున్నారు. అక్కడ ఆమె చివరి కచేరీకి ఏడుగురు వచ్చారు, కోట్లు విప్పకుండా కూర్చున్నారు, హాలులో వేడి లేక. ఆ రోజే మొదటిసారి చిటికెన వేలు మాట వినలేదు.

"చలి వల్ల అనుకున్నాను" అంది.

డాక్టరు గారు సూదితో పొడిచి చూశారు. కరెంటు పరీక్ష చేయించారు. కాగితం చూసి, "సూడమ్మా, మోచేతి కాడ నరం నలిగిపోతా ఉండాది. ఆపరేషన్ చేస్తే ఇంకా చెడిపోకుండా నిలబడుతుంది. పోయింది ఎంత తిరిగొస్తుందో నేను చెప్పలేను. కచేరీలు చేసే చెయ్యి మాత్రం ఇంక కాదు" అన్నారు.

నేను రష్యన్‌లో చెప్పాను. చివరి వాక్యం దగ్గర కొంచెం మెత్తబరిచాను. కచేరీలు తగ్గించుకుంటే మంచిదన్నారని. నీనా నా మొహం వంక చూసింది. "ఆయన అంతసేపు మాట్లాడాడు, నువ్వు చివర్లో తొందరగా ముగించావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఆమె తల ఊపి, డాక్టరుకు దండం పెట్టింది, మన పద్ధతిలో, ఆ కాలిన వేళ్ళతోనే.

తిరుచానూరు

బుధవారం ఆమె గదిలో ఉండలేనంది. తిరుచానూరు వెళ్ళాం. గుడి దగ్గర పూలమ్మే మునెమ్మ అనే ఆవిడ ముందు నీనా ఆగిపోయి అక్కడే చతికిలబడింది. మునెమ్మ రెండు మల్లెలు ఇటు, రెండు అటు పెట్టి, దారం వేలికి మెలేసి లాగుతోంది. కళ్ళు మాత్రం వచ్చే పోయే భక్తుల మీద ఉన్నాయి. చేతుల వంక ఒక్కసారీ చూసుకోలేదు.

"చిన్నప్పటి నుంచి చేస్తోందా, అడుగు" అంది నీనా.

"ఐదేండ్లప్పుడు మా నాయన పక్కన కూసోని నేర్చుకున్నా. ఇప్పుడు నిద్రలో కూడా కట్టేస్తా మా" అంది మునెమ్మ. "ఆయమ్మని కట్టమను, సూస్తాము."

నీనాకు దారం ఇచ్చింది. మొదటి ముడి పడింది. రెండోది పడేలోపు మొదటిది జారిపోయింది. చిటికెన వేలితో దారం బిగువుగా పట్టుకోవాలి, అది నిలవడం లేదు. నాలుగు సార్లు ప్రయత్నించింది. మల్లెలు ఒళ్ళో రాలాయి.

మునెమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసింది. "ఈ రెండు వేళ్ళకీ ప్రాణం లేదు మా. ఎన్నాళ్ళుగా ఇట్ల ఉండాది?" అని నన్నడిగింది.

ఒక్క నిమిషంలో పట్టేసింది. అది రష్యన్‌లో చెప్పగానే నీనా చెయ్యి వెనక్కి తీసుకుంది. మునెమ్మ పూలకు డబ్బులు పుచ్చుకోలేదు; కట్టిన మూర నీనా కురచ జుట్టులో ఎక్కడ పెట్టాలో తెలియక మెడలో వేసింది.

తిరిగి వస్తూ బస్టాండులో నీనా అంది: "చిత్తూరులో ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పు. నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు రమా."

దుబాసీ పనిలో ఒక్క నియమమే ఉంది: అవతలివాళ్ళు అన్నది చెప్పడం. ఆమె బాగుందంటే నేను బాగుందని చెప్పాలి. కానీ డాక్టరు గదిలో నేను విన్నదాన్ని. రేపు ఆ బడి వాళ్ళు మూడేళ్ళకు నమ్మి రాసుకుంటే, అందులో నా నోరు కూడా ఉంటుంది.

కాణిపాకం

గురువారం చిత్తూరు బస్సులో వెళుతూ కాణిపాకంలో దిగాం. అది నా తప్పు. పెద్ద పరీక్ష ముందు వినాయకుణ్ణి చూడకుండా పోతే మనసొప్పలేదు. తగాదా పడ్డవాళ్ళు అక్కడ కోనేట్లో మునిగి దేవుడి ముందు ప్రమాణం చేస్తారని నాకు తెలుసు గానీ చూడటం అదే మొదటిసారి. తడిబట్టలతో ఇద్దరు అన్నదమ్ములు నిలబడ్డారు, బావి నీళ్ళ తగాదా అట. చిన్నవాడు ప్రమాణం చేశాడు. పెద్దవాడు పెదవి విప్పాడు, మూశాడు, వెనక్కి తిరిగి జనంలో నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు.

"ఏం జరిగింది?" అని నీనా అడిగింది. చెప్పాను. ఆమె ఆ పెద్దవాడు వెళ్ళిన వైపే చాలాసేపు చూసింది. నేను దండం పెట్టుకున్నాను, కానీ ఏం కోరుకోవాలో తోచలేదు. ఉద్యోగం రావాలనా, నిజం నిలవాలనా?

బయట చిన్న హోటల్లో రాగి సంగటి, ఊరిబిండి దొరికాయి. ఊరిబిండి అంటే వేయించిన చెనక్కాయలు, అదే మా వేరుశనగలు, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ వేసి నూరిన పచ్చడి. చేపల పులుసుకు అలవాటుపడ్డ నాకు కూడా నచ్చింది. నీనా చూసేవాళ్ళు బొబ్బ నొప్పి అనుకునేలా కట్టు కట్టుకుని ఎడమచేత్తో ముద్ద తుంచింది. హోటలామె పరిగెత్తుకొచ్చి, "కుడిసెయ్యి, కుడిసెయ్యి తల్లీ" అని ఆ కుడిచేతిని పళ్ళెం దాకా తెచ్చిపెట్టింది. ఆ చేతిలో ముద్ద నిలవలేదు. హోటలామె ఒక క్షణం ఆగి, లోపలికి వెళ్ళి చెంచా తెచ్చింది. ఏమీ అడగలేదు. ఈ వైపు ఆడవాళ్ళకు చేతుల సంగతి మనకంటే బాగా తెలుసేమో.

ఈ హడావిడిలో మా బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు గంటన్నరకు. ఒంటిగంటకల్లా బడిలో ఉంటామని చెప్పినవాళ్ళం మూడు దాటాక చేరాం.

చిత్తూరు: పెట్టె

బడి కార్యదర్శి మునిరత్నం నాయుడు గారు. మామిడి తోటలున్న మనిషి, తెల్లపంచె, నెమ్మదైన మాట. ఆయన పక్కన శాంతకుమారి అనే టీచరు. యాభై దాటి ఉంటాయి. బడిలో పాటల పీరియడు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం ఆమెవే.

"మొన్ననే గుడ్డతో తుడిపించినాము మేడమ్" అని నాయుడు గారు హాలు తలుపు తీశారు.

పియానో గోడవారన ఉంది, మనిషెత్తు. నీనా మూత తీసి ఎడమచేత్తో కింది నుంచి పై దాకా ఒక్కొక్క మెట్టే నొక్కుకుంటూ పోయింది. కొన్ని కిందికి పోయి పైకి రాలేదు. కొన్ని టక్కుమని చెక్క చప్పుడు చేశాయి. మిగిలినవాటిలో ఏ రెండూ కలిసి మోగలేదు. ముందు పలక తీస్తే లోపల ఎలుక గూడు, కాగితం ముక్కలు, తుప్పు పట్టిన మేకు. తీగలను కొట్టే సుత్తుల మీద ఉన్ని ఊడిపోయింది.

నీనా కుర్చీలో కూలబడింది. "రేపు పదింటికా?" అంది.

నాయుడు గారికి ఏం జరిగిందో అర్థం కాలేదు. "ఏమంటా ఉండారు?" అన్నారు నాతో.

"ఇది వాయించడానికి కుదరదంటున్నారండీ."

"రేపు తప్పితే కమిటీ మళ్ళీ కూడేది జూన్‌లోనే" అన్నారాయన, ఇబ్బందిగా. జూన్ దాకా ఆమె వీసా ఉండదు.

అప్పుడు శాంతకుమారి, "ఖాదర్ బాషా గారిని పిలుస్తా" అని చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచింది. అరగంటకు సైకిలు మీద వచ్చినాయన హార్మోనియాలు బాగుచేసే మనిషి, అరవై ఏళ్ళ వాడు. వాళ్ళ నాయన దొరల క్లబ్బుల్లో పియానోలు శృతి చేసేవాడట. ఆయన వదిలిన తాళంచెవి లాంటి పనిముట్టు ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. తల లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు.

"పెట్టె బతికే ఉండాది మేడమ్. గొంతు పట్టుకుపోయింది. అంతా సెయ్యలేను. నడిమి భాగం సేస్తా, రెండు పక్కలా రొంత రొంత. ఫికర్ పడాకండి."

ఉబ్బిన మెట్లను గరుకు కాగితంతో రుద్దాడు. తీగలు చుట్టే పిన్నులు వదులైనచోట వాటి చుట్టూ అదే కాగితం ముక్క చుట్టి బిగించాడు. సుత్తులకు అంటించడానికి గట్టి ఉన్ని కావాలంటే ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. నీనా తన పెట్టె అడుగు నుంచి బూడిదరంగు ఉన్ని టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూసి, "ఇంత మంచి టోపీని కత్తిరించేదా?" అన్నాడు. నేను చెప్పాల్సిన పని లేకుండానే ఆమె కత్తెర అందుకుని తానే మొదటి ముక్క కోసింది.

దీపాలు పెట్టే వేళకు సగం పనైంది. మిగిలింది తెల్లవారి వచ్చి చేస్తానని ఆయన వెళ్ళిపోయాడు.

శుక్రవారం

ఖాదర్ బాషా ఆరింటికే వచ్చాడు. నీనా స్వరం పాడితే ఆయన తీగ బిగించాడు. పది కావడానికి పది నిమిషాల ముందు పనిముట్లు మూటగట్టి, "పై వరసలో ఐదు మెట్లు సచ్చిపోయినాయి, ఆ పక్కకి పోవద్దని సెప్పండి" అన్నాడు నాతో.

కమిటీ నలుగురు కూర్చున్నారు. వెనక గోడకు ఆనుకుని శాంతకుమారి నిలబడింది. నీనా కట్టు విప్పేసింది. నల్ల గౌను వేసుకుంది. మొదట నిదానంగా సాగే పాట వాయించింది. నాకు సంగీతం పెద్దగా తెలియదు గానీ ఆ పాత పెట్టెలో నుంచి అలాంటి శబ్దం వస్తుందని అనుకోలేదు. రెండోది వేగంగా మొదలైంది. సగంలో ఆమె భుజం బిగుసుకోవడం చూశాను. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మెట్ల మీద జారుతున్నాయి. ఒకచోట ఏదో ఊడిపోయింది, ఆమె దాటేసి పోయింది. మళ్ళీ ఊడిపోయింది. చివరికి ఎలాగో ముగించి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నాయుడు గారు చప్పట్లు కొట్టారు. మిగిలిన ముగ్గురూ కొట్టారు. వాళ్ళకేమీ తెలియలేదు. శాంతకుమారి మాత్రం కొట్టలేదు. ఆమె చూపు నీనా చేతుల మీద ఉంది. నీనా అది చూసింది.

"శానా బాగుండాది" అన్నారు నాయుడు గారు. "ఒకటే మాట అడగాల. ఈయమ్మ వయసులో పెద్దది. ఆరోగ్యమంతా బాగుండాదా? మూడేండ్లు ఈడ ఉండి, ఏడాదికోసారి మా పాత విద్యార్థుల ముందర కచేరీ చెయ్యగలదా?"

నేను రష్యన్‌లోకి మార్చాను. నీనా తల ఎత్తకుండా, "అంతా బాగుందని చెప్పు" అంది.

నేను నాయుడు గారి వైపు తిరిగాను. రెండు మాటలు. పదేళ్ళలో లక్షల మాటలు ఇటు నుంచి అటు మోసినదాన్ని. నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. ఫ్యాను తిరుగుతోంది. నాయుడు గారు మర్యాదగా ఎదురుచూస్తున్నారు. నా చీర కొంగు చేతిలో ముద్దయిపోయింది. ఆ బావి తగాదా పెద్దన్నలా లేచి వెళ్ళిపోవడానికి నాకు దారి కూడా లేదు. నేను వెళితే ఆమెకు నోరు ఉండదు.

ఎంతసేపు గడిచిందో. నీనా లేచిన చప్పుడైంది. నా భుజం మీద చెయ్యి వేసి, "వద్దులే" అంది. తర్వాత వెనక గోడ దగ్గరికి నడిచి, శాంతకుమారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పియానో ముందు కూర్చోబెట్టింది.

"ఏదైనా వాయించమను. ఆదివారం వాయించేదే."

శాంతకుమారి భయపడుతూ ఒక చర్చి పాట వాయించింది, హార్మోనియం వాయించినట్టు, వేళ్ళు చదునుగా పెట్టి. నీనా ఆమె మణికట్టు కింద తన ఎడమ అరచెయ్యి పెట్టి కొంచెం పైకెత్తింది. బరువంతా వదలమంది. నేను తెలుగులో చెప్పాను. వదల్లేకపోయింది. నీనా ఆమె మోచెయ్యి పట్టుకుని బట్ట ఊపినట్టు ఊపి ఒక్కసారి వదిలింది. చెయ్యి మెట్ల మీద పడింది, పెద్దగా, గుండ్రంగా ఒక శబ్దం వచ్చింది. శాంతకుమారి ఉలిక్కిపడి తన చేతినే చూసుకుంది. అక్కడి నుంచి అరగంట. ఒకే పాట, మొదటి నాలుగు వరసలే. చివరిసారి వాయించినప్పుడు కమిటీలో ఉన్న రిటైర్డు తాసిల్దారు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

అప్పుడు నీనా కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. "ఇప్పుడు చెప్పు, ఒక్క మాటా వదలకుండా. ఈ రెండు వేళ్ళకు స్పర్శ లేదు. రెండో పాటలో తప్పులు దొర్లాయి, ఈవిడ విన్నది. డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నారు, కచేరీలు ఇంక కుదరవన్నారు. మీ పాత విద్యార్థుల ముందు నేను వాయించలేను. పాఠం చెప్పగలను. బాగుందని చెప్పమన్నది నేనే, ఈ అమ్మాయి తప్పు లేదు."

చెప్పాను. ఈసారి చివరి వాక్యం కూడా వదల్లేదు.

వరండా

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. తలుపు మూశారు. లోపల మాటలు వినిపిస్తున్నాయి, అర్థం కావడం లేదు. నీనా కాలిన వేలు మీద బొబ్బను బొటనవేలితో తాకి చూసుకుంటోంది. ఖాదర్ బాషా ఇంకా వెళ్ళలేదు. మెట్ల మీద కూర్చుని, "పెట్టె బాగా పలికింది గదా మేడమ్" అన్నాడు. అవునన్నాను. విశాఖ వెళితే ఈవిడను ఎక్కడ పెట్టాలి, వీసా అయిపోయాక ఎవరిని అడగాలి, ఇవే తిరుగుతున్నాయి.

లోపల శాంతకుమారి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ముప్పై ఏండ్లుగా నేను తప్పుగా వాయిస్తా ఉండాను సార్. ఇన్నాళ్ళకి ఒకరు సెప్పినారు. మీకు కచేరీ కావాల్నా, పిల్లోళ్ళకి పాఠం కావాల్నా?"

నాయుడు గారు బయటికి వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "మేడమ్, కచేరీ కోసమే డబ్బులిస్తామన్నోళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళతో నేను మాట్లాడుకుంటా. మూడేండ్లు ఇప్పుడే రాయలేము. ఒక ఏడాదికి రాస్తాము, వీసాకి కాగితం కూడా ఇస్తాము. ఎండాకాలం సెలవుల్లో ఆ ఆపరేషన్ చేయించుకోమనండి, శాంతమ్మ తోడు పోతాదంట." కొంచెం ఆగి, నీనా వైపు చూడకుండా అన్నారు: "నిజం చెప్పకుండా ఉండింటే మూడేండ్లకే రాసేవాళ్ళము. అది కూడా చెప్పండి."

నేను అదీ చెప్పాను. నీనా తల వంచుకుని, "ఆయన న్యాయమే మాట్లాడాడు" అంది. అప్పుడు ఏడ్చింది, శబ్దం లేకుండా. ఖాదర్ బాషా లేచి సైకిలు దగ్గరికి వెళ్ళి, చక్రం గాలి చూసుకున్నట్టు నిలబడ్డాడు.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. మే నెలలో తిరుపతిలో ఆపరేషన్ జరిగిందని శాంతకుమారి ఉత్తరం రాసింది. ఉంగరం వేలికి కాస్త వేడీ చల్లదనం తెలుస్తున్నాయట. చిటికెన వేలు అలాగే ఉంది. పదిహేడుమంది పిల్లలు నేర్చుకుంటున్నారు. పై వరసలో చచ్చిపోయిన మెట్లు ఇంకా మూడున్నాయి. కచేరీకి డబ్బిస్తామన్నవాళ్ళలో ఒకాయన వెనక్కి తగ్గాడు. రెండో ఏడాది సంగతి జూన్‌లో తేలుతుంది, అందుకని నాకు ఇంకా పూర్తిగా నిద్ర పట్టడం లేదు.

శనివారం

కమిటీ ముందు వాయించిన మర్నాడు పొద్దున తొమ్మిదింటి బస్సుకు నేను బయల్దేరాల్సి ఉంది. నాయుడు గారి ఇంటి నుంచి అచ్చు బెల్లం పొట్లం వచ్చింది, చిత్తూరు వచ్చి బెల్లం లేకుండా పోకూడదని. ఆమెకు కావాల్సిన మాటలు ఒక కాగితం మీద రష్యన్ అక్షరాల్లో రాశాను: నీళ్ళు, నొప్పి, చాలు, నెమ్మదిగా, రేపు. అది ఇచ్చి వీడ్కోలు చెబుదామని హాలు వైపు వెళ్ళాను.

తలుపు ఓరగా తీసి ఉంది. శాంతకుమారి పియానో ముందు కూర్చుని ఉంది, చెంపల మీద చెమట. నీనా పక్కనే నిలబడి, ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టి ఏదో రష్యన్‌లో గొణుగుతోంది. శాంతకుమారి తల ఊపుతోంది, అర్థమైనట్టే. నాలుగు వరసలు వాయించింది. మూడో వరసలో తడబడింది.

నేను లోపలికి అడుగు పెట్టబోయాను. అలవాటు కొద్దీ నా నోట్లో మాట తయారుగా ఉంది.

నీనా పావ్లోవ్నా తల అడ్డంగా ఊపి, బల్ల మీద వేలితో కొట్టి, "ఇంగోసారి" అంది.

అది నా కాగితంలో లేదు. మా విశాఖలో ఎవరూ ఆ మాట అలా అనరు. శాంతకుమారి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నేను కాగితాన్ని గుమ్మం పక్కన కిటికీలో పెట్టి, పైన చిన్న రాయి ఉంచి, బస్టాండు వైపు నడిచాను.